పది అంకెలు మాత్రమే

కూతురి రెండో సంబంధం కూడా తప్పిపోయిందని బిక్షమ్మ సోమవారం పొద్దున పాలు పోస్తూ చెప్పింది. గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డ నిరోషకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. లోపల పొయ్యి మీద అన్నం పొంగుతోంది. కూతురు సుమన ఒక కాలికి సాక్సు వేసుకుని రెండో దాని కోసం ఇల్లంతా తిరుగుతోంది. చాయ్ ఇంకా రాలేదేమని అత్త భద్రమ్మ మంచం మీద నుంచి రెండోసారి అడిగింది. శనివారం దాకా అంతా బాగానే ఉందని, ముహూర్తం మాట కూడా అనుకున్నారని, ఆదివారం పొద్దున ఫోన్ చేసి మాకు ఇప్పుడే తొందర లేదన్నారని బిక్షమ్మ చెప్పింది.

“పిల్ల మంచిదేనంట. మాటతీరు మంచిదేనంట. మరి ఏం తక్కువైందో చెప్పుండ్రి అంటె ఫోన్ పెట్టేసిండ్రు బిడ్డా. మొదటోళ్లు గూడ గట్లనే జేసిండ్రు.”

బుధవారం సాయంత్రం నాలుగింటికి మూడో వాళ్ళు వస్తున్నారని, మీ పెద్దులు మామ తెచ్చిన సంబంధమేనని, భువనగిరి అవతల ఊరని, పిల్లవాడి తండ్రి పేరు ఐలేశమని చెప్పి బిక్షమ్మ చెంబు సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ, ఇది కూడా తప్పితే మనీష ఇంట్లోంచి బయటికి రాదేమోనని, ఇప్పటికే వాకిట్లోకి కూడా వస్తలేదని అంది.

మనీష బిక్షమ్మ కూతురు. ఇరవై రెండేళ్ళు. రెండేళ్ళ కింద నెలసరి తప్పుతూ ఉంటే తల్లికి చెప్పలేక నిరోషకు చెప్పింది. నల్గొండలో ఆడవాళ్ళ దవాఖాన ఒకటి ఉంది, అక్కడి వెబ్‌సైట్ పని మేమే చూస్తామని, డాక్టరమ్మ భాగ్యలక్ష్మి మంచిదని చెప్పి నిరోషే పంపింది. అండాశయంలో నీటి బుడగలని తేలింది. మందులు వాడితే సర్దుకుంటుందన్నారు, సర్దుకుంది కూడా. పోయే ముందు మనీష ఒకటే మాట అడిగింది, అక్కా, ఎవరికన్నా తెలుస్తదా అని. తెలియదని నిరోష మాట ఇచ్చింది. ఎవరికి తెలుస్తదే, నీ రిపోర్టు నీ నంబరు కొడితేనే వస్తది అంది. ఆ పేజీని ఆ నాటికి ఆమె అంతగా చూడలేదు.

పదింటికి నిరోష ఆఫీసుకు పోయింది. నకిరేకల్‌లో హైవే పక్క ఎరువుల దుకాణం మీద ఒక హాలు, వెనక ఒక గది. బయట బోర్డు మీద భర్త గోపీకృష్ణ పేరు ఉంటుంది. హాల్లో తిరిగే కుర్చీ అతనిది. వెనక గదిలో స్టవ్వు, చాయ్ గిన్నెలు, ఒక బల్ల, కంప్యూటర్ నిరోషవి. నాలుగు స్కూళ్ళు, రెండు రైసు మిల్లులు, ఒక దవాఖాన వెబ్‌సైట్లు ఆ బల్ల మీద నడుస్తాయి. దవాఖాన పని పోతే మిగతావాటితో ఆఫీసు కిరాయి కూడా వెళ్ళదు. ఎవరైనా వచ్చి, లోపల కీబోర్డు చప్పుడు విని, ఎవరు సార్ అంటే గోపీకృష్ణ చెప్పే జవాబు ఏడేళ్ళుగా ఒకటే. “మా ఇంటామె. జర టైపింగు సాయం జేస్తది.” నిరోష బీయస్సీ కంప్యూటర్స్. అతను హైదరాబాద్‌లో ఆరునెలల కోర్సు చేసి వచ్చినవాడు. మొదట్లో ఆమె సరిదిద్దేది. టైపింగు కాదు, రాసేది నేనే అని ఒకసారి రైసు మిల్లు సేటు ముందు అంది. ఆ రోజు ఇంటికి పోయాక భద్రమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది. “ఏం అర్సుకోకుంట, ఎవర్నీ అడగకుంట నిన్ను జేసుకున్నడు నా కొడుకు. ఇంకొకడైతే పది మందిని అడుగుతుండె. గా ఇజ్జత్ నలుగుర్ల తీస్తవా?”

అర్సుకోవడమంటే ఆ వైపు పెళ్ళికి ముందు జరిగే ఆరా. పిల్ల ఎట్లాంటిది, ఒంట్లో ఏమైనా ఉందా, ఎక్కడైనా ఏమైనా విన్నారా అని పక్కింటివాళ్ళను, చదువు చెప్పిన పంతుళ్ళను, కిరాణం దుకాణం వాళ్ళను అడుగుతారు. గోపీకృష్ణ అది చేయలేదు. చూశాడు, నచ్చింది, చేసుకున్నాడు. ఈ మాట అతను పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చున్నప్పుడు చెప్తాడు, ఆఫీసులో చెప్తాడు, నిరోష ఏదైనా అడిగినప్పుడు చెప్తాడు. కార్డు మీద నా పేరు కూడా వేయిద్దామా అన్నప్పుడు చెప్పాడు. హైదరాబాద్ కంపెనీలో ఇంటి నుంచి చేసే పని ఒకటి వచ్చినప్పుడు చెప్పాడు. నేను నిన్ను నమ్మి చేసుకున్న, నువ్వు నన్ను నమ్మవా అని. తన అక్కను చూడటానికి వచ్చిన వాళ్ళు హాస్టల్ వార్డెన్ దాకా పోయి ఆరా తీసిన సంగతి ఆమెకు తెలుసు. తనకు ఆ బాధ తప్పింది. ఏడేళ్ళలో ఆమెకు భర్త మీద కోపం వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క సంగతి అడ్డం వచ్చి నిలబడేది. కోపం సగంలో ఆగిపోయేది.

పదకొండింటికి దవాఖాన రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. రిపోర్టులు చూసే పేజీ శనివారం నుంచి అప్పుడప్పుడు ఆగిపోతోందట, ఏదో తప్పు అని ఇంగ్లీషులో చూపిస్తోందట. నిరోష సర్వర్ తెరిచి లాగ్ చూసింది. ఏ పేజీని ఎవరు, ఎన్ని గంటలకు, ఏమని అడిగారో సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టా అది. మామూలుగా ఒక్కో వరుసలో ఒక ఫోన్ నంబరు ఉంటుంది. శనివారం పదకొండూ ఇరవైకి ఉన్న వరుసలో నంబరు లేదు. నంబరు ఉండాల్సిన చోట ఒక కొటేషన్ గుర్తు, దాని పక్కన ఇంగ్లీషులో ‘లేదా’ అనే మాట, ఆ తర్వాత ఒక పేరు, ఒక ఊరు ఉన్నాయి. పేరు మనీష. ఊరు బిక్షమ్మది.

నిరోష ఆ వరుసను రెండుసార్లు చదివింది. ఆ పేజీలో కంత ఉందని ఆమెకు ఏడాదిగా తెలుసు. పేజీ పని చాలా చిన్నది. వచ్చినవాళ్ళు రాసిన నంబరు తీసుకుని, ఈ నంబరు మీద ఉన్న రిపోర్టు ఇవ్వు అని ఒక వాక్యం తయారుచేసి డేటాబేస్‌ను అడుగుతుంది. నంబరును ఆ వాక్యంలో అట్లాగే అతికిస్తుంది. అది నంబరా కాదా అని చూడదు. కాబట్టి ఎవరైనా నంబరుకు బదులు గుర్తు ఒకటి పెట్టి, లేదా మనీష అనే పేరు మీద ఉన్నది ఇవ్వు అని రాస్తే, డేటాబేస్ దాన్ని కూడా పేజీ చెప్పిన మాటే అనుకుంటుంది. ఏది దవాఖాన మాటో, ఏది బయటివాడి మాటో దానికి తెలియదు. చెప్పింది చేస్తుంది. నంబరు రాసే పెట్టెలో పది అంకెలు మించి పట్టకుండా ఒక అడ్డు ఉంది గానీ, అది చూసేవాళ్ళ కంప్యూటర్‌లోనే ఉంటుంది. పెట్టెను వదిలేసి పైన అడ్రస్ బార్‌లో రాసేవాడిని ఆపేది ఏదీ లేదు.

ఏడాది కింద ఈ సంగతి కనిపెట్టి గోపీకృష్ణకు చెప్పింది. అతను నవ్వాడు. “నకిరేకల్‌ల హ్యాకర్లు ఎక్కడోళ్ళే? బర్లు కాసుకునేటోళ్ళు వచ్చి హ్యాక్ జేస్తరా?” మర్నాడు మళ్ళీ అడిగితే నవ్వలేదు. ఆ పేజీ ముట్టుకోవద్దన్నాడు. అది అతను రాసింది. మొత్తం సైట్‌లో మొదటి నుంచి చివరి దాకా అతను రాసిన పేజీ అదొక్కటే, మిగతావన్నీ పెళ్ళయ్యాక ఆమె తిరగరాసింది. మగవాడి పంతం అనుకుని ఆమె వదిలేసింది. డాక్టరమ్మకు ఒక మెయిల్ రాసింది, పంపకుండా చెరిపేసింది. భర్త రాసినదాన్ని తప్పని బయటివాళ్ళకు చెప్పడమేమిటి అనుకుంది.

ఇప్పుడు ఎవరో ఆ కంతలోంచి లోపలికి వచ్చారు. ఎవరన్నది లాగ్‌లోనే ఉంటుంది, ప్రతి వరుస మొదట్లో ఆ కంప్యూటర్ చిరునామా అంకెల్లో ఉంటుంది. నిరోష చూసింది. ఆ అంకెలు ఆమెకు నోటికి వచ్చు. సర్వర్ సెట్టింగుల్లో మూడుసార్లు ఆమె తన చేత్తో రాసిన అంకెలు అవి. ఈ ఆఫీసువే.

శనివారం పదకొండూ ఇరవైకి ఆమె ఎక్కడుందో ఆలోచించింది. ఇక్కడే ఉంది. హాల్లో ఇద్దరు మగవాళ్ళు వచ్చి కూర్చున్నారు. గోపీకృష్ణ వెనక్కి తిరిగి మూడు చాయ్ అన్నాడు. ఆమె చాయ్ పెట్టి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు అతను లాప్‌టాప్ వాళ్ళ వైపు తిప్పి ఉంచాడు. ఏదో స్కూలు సైటు చూపిస్తున్నాడనుకుంది.

పాత లాగ్‌లు కూడా ఉన్నాయి. మూడేళ్ళ కింద సర్వర్ మార్చినప్పుడు ఏవి అవసరమో ఏవి కాదో తేల్చుకునే తీరిక లేక ఆమె అన్నీ తీసుకొచ్చి ఒక పక్క పడేసింది. నెల నెలకు ఒక ఫైలు. కొటేషన్ గుర్తు ఉన్న వరుసలు మాత్రమే ఇవ్వమని అడిగింది. నూట పద్దెనిమిది వచ్చాయి. అన్నీ ఈ ఆఫీసు నుంచే. ఒకే పేరును రెండుమూడుసార్లు అడిగినవి తీసేస్తే అరవై మూడు పేర్లు. అందరూ ఆడపిల్లలు. కొన్ని పేర్లు ఆమెకు తెలుసు. కింద ఎరువుల దుకాణం పరమేష్ పెద్ద కూతురు. స్కూల్లో సుమనకు చదువు చెప్పే టీచరు. కొందరికి తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి, ఆ పెళ్ళిళ్ళకు ఆమె పోయింది, తిన్నది. కొందరికి ఎందుకో ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందని ఊళ్ళో ఆడవాళ్ళు అనుకుంటుంటే ఆమె కూడా కూర్చుని విన్నది. తేదీలు చూస్తుంటే చాయ్‌లు గుర్తొచ్చాయి. అల్లం వేయమని అడిగిన పెద్దమనిషి, చక్కెర వద్దన్న పెద్దమనిషి. గోపి చెప్తే అది కరెక్టుంటది అని ఎవరో అనడం ఆమె చాలాసార్లు విన్నది. వెబ్‌సైట్ సంగతి అనుకుంది.

అరవై మూడు పేర్లను తేదీల వరుసలో పేర్చింది. నాలుగో పేరు నిరోష. పక్కన ఊరు, కల్వకుర్తి దగ్గర ఆమె పుట్టిన ఊరు. తేదీ పన్నెండు ఏప్రిల్ రెండువేల పద్దెనిమిది, పొద్దున పదీ నలభై. ఆ రోజుకు ఆమె గోపీకృష్ణను చూడలేదు. వాళ్ళు చూడటానికి వచ్చింది ఏప్రిల్ ఇరవై రెండున, ఆదివారం.

నల్గొండలో డిగ్రీ ఆఖరు ఏడాది చదువుతున్నప్పుడు ఆమె ఆ దవాఖానకు మూడుసార్లు పోయింది. రక్తం ఎక్కువ పోతే స్కానింగ్ చేశారు. పొట్ట కింద చిన్న గడ్డ ఉందన్నారు, మందులకు కరిగింది. అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియదని పెళ్ళయ్యాక కూడా లోపల ఒక ముల్లు ఉండేది. ఇంత నమ్మి చేసుకున్న మనిషికి చెప్పకుండా దాచానని. పెళ్ళైన మొదటి ఏడాది కడుపు నిలవనప్పుడు ఆ ముల్లు రాత్రింబవళ్ళు కదిలేది. చెప్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగింది. అతను చదివే ఉన్నాడు. గడ్డ సైజు ఎన్ని మిల్లీమీటర్లో కూడా అతనికి తెలుసు. చదివి, ఫర్వాలేదనుకుని, చూడటానికి వచ్చి, చేసుకుని, ఏం అర్సుకోలేదని ఏడేళ్ళుగా చెప్తున్నాడు. ఆమె ఏడేళ్ళుగా నమ్మి, వంగి, ప్రతిసారీ కోపాన్ని సగంలో ఆపుకుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. లేచి స్టవ్వు మీద మాడిపోతున్న గిన్నె దించింది.

ఆ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు గోపీకృష్ణ తలెత్తకుండా చెప్పాడు, బుధవారం పదకొండింటికి పెద్దులు మామ వస్తాడని, వెంట భువనగిరి ఆయన ఒకాయన ఉంటాడని, చాయ్ సంగతి చూడమని. చూస్తానంది.

మంగళవారం అతను మిర్యాలగూడ పోయాడు. ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేదు. నిరోష పన్నెండింటికి మొదలుపెట్టింది. మొదట సర్వర్‌లోనే ఒక కాపలా పెట్టింది. వచ్చింది పది అంకెలా కాదా చూడు, కాకపోతే డేటాబేస్ దాకా పోనివ్వకు. అది ఆరు వరుసల పని. కానీ కాపలా ఒకటే చాలదు. దాన్ని రేపు ఎవరైనా తీసేస్తే కంత మళ్ళీ కంతే. అందుకని ప్రశ్నను, నంబరును వేరు చేసింది. ఇప్పుడు పేజీ ముందు ప్రశ్న ఒక్కటే పంపుతుంది. డేటాబేస్ ఆ ప్రశ్నను చదువుకుని సిద్ధమయ్యాక నంబరు విడిగా వెళ్తుంది. అప్పుడు ఆ చోట ఎవరు ఏం రాసినా అది నంబరు కింద వెతకడానికే, ఆజ్ఞ కింద పాటించడానికి కాదు. ఆ తర్వాత ఆ పేజీకి డేటాబేస్‌లో ఉన్న అధికారం తగ్గించింది. రిపోర్టుల పట్టిక తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా. చివర తప్పు రాసినవాళ్ళకు కనిపించే వాక్యం తెలుగులో రాసింది. పది అంకెల ఫోన్ నంబరు మాత్రమే రాయండి.

మధ్యలో భద్రమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి గోలీలు ఎక్కడున్నాయని, ఒకసారి పప్పులో ఉప్పు తక్కువైందని. నిరోష రెండింటికీ జవాబు చెప్పింది. మూడున్నరకు లాగ్‌లో ఉన్న వరుసను, మనీష పేరుతో సహా, భర్త రాసినట్టే అడ్రస్ బార్‌లో రాసి చూసింది. వాక్యం వచ్చింది. వేరే వేరే తీర్లలో ఇరవై సార్లు రాసింది. ఇరవై సార్లూ అదే వాక్యం. సుమన బడి వదిలే వేళకు లేచింది. సాయంత్రం గోపీకృష్ణ వచ్చాక ఏమీ చెప్పలేదు. అతను ఏమీ అడగలేదు. అతను అడిగే పని ఎన్నడూ పెట్టుకోలేదు.

బుధవారం పదకొండుకు ఐదు నిమిషాల ముందే వచ్చారు. పెద్దులు గోపీకృష్ణకు మేనమామ, అరవై దాటినవాడు. ఐలేశం తువాలు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. వంద గొర్రెలున్నాయని, కొడుకు భువనగిరిలో మొబైల్ దుకాణంలో చేస్తాడని పెద్దులే చెప్పాడు. వెనక గదిలో నిరోష చాయ్ వడపోస్తూ వింటోంది. పిల్లను అడిగేదానికి ముందు జర దవాఖాన ముచ్చట చూసుకుంటే మంచిదని పెద్దులు అన్నాడు. ఐలేశం కొద్దిగా నసిగాడు. ఆడపిల్ల సంగతి, గట్ల చూడొచ్చునా అన్నాడు.

“ఏమైతదే? గొర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్తమా లేదా? గిదీ గంతే. మా గోపి దగ్గర నల్గొండ దవాఖాన మొత్తం ఉంటది.”

గోపీకృష్ణ నవ్వాడు. నిరోష చాయ్ తీసుకుని హాల్లోకి వచ్చింది. ముగ్గురికీ ఇచ్చి, పళ్ళెం పట్టుకుని, వెనక్కి పోకుండా తలుపు పక్కన నిలబడింది. అతను అడ్రస్ బార్‌లో రాశాడు. ఆ వరుస అతనికి చూడకుండా వస్తుంది, వేళ్ళు ఆగలేదు. ఎంటర్ కొట్టి లాప్‌టాప్ వాళ్ళ వైపు తిప్పాడు. తెర మీద ఒకటే వాక్యం ఉంది.

ఐలేశం కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివాడు. “పది అంకెల ఫోన్ నంబరు మాత్రమే రాయండి. గిదేంది గోపీ, పిల్ల నంబరు గావాల్నా?” గోపీకృష్ణ మళ్ళీ రాశాడు. మళ్ళీ అదే. మూడోసారి ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ రాశాడు. పెద్దులు చాయ్ ఊదుకుంటూ, నెట్టు పోయినట్టుంది, మా ఊర్ల గూడ ఇట్లనే పోతది అన్నాడు. గోపీకృష్ణ రాయడం ఆపాడు. తలెత్తి నిరోషను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అప్పుడు అతనికి అర్థమైంది.

“ఏం జేసినవ్?” అన్నాడు.

“సరి జేసిన.”

“ఎవల్నడిగి?”

ఆమె పళ్ళెం పక్కన పెట్టింది. ఐలేశం వైపు తిరిగింది. పెద్దల ముందు ఆమె గొంతు అంత మామూలుగా రావడం ఆమెకే కొత్తగా అనిపించింది. “పెద్దయ్యా, ఇగ ఇక్కడ ఎవల రిపోర్టు చూడనీకి రాదు. మీకు ఏమన్న తెలుసుకోవాల్నని ఉంటే ఆ పిల్లనే అడుగుండ్రి. చదువుకున్న పిల్ల, చెప్తది. మీ కొడుకును గూడ ఆ పిల్ల అడుగుతది, చెప్పుమనుండ్రి.”

పెద్దులు గ్లాసు కింద పెట్టాడు. కోడలా, నడుమ నువ్వెందుకు అన్నాడు. ఐలేశం తువాలు భుజాన వేసుకుని లేచాడు. గట్ల మొఖం మీద అడుగుడు మాకు అలవాటు లేదు బిడ్డా అని, చాయ్ మంచిగున్నదని చెప్పి, మెట్లు దిగిపోయాడు. నాలుగింటికి పిల్లను చూడటానికి పోతారో, ఇట్నుంచి ఇటే భువనగిరి పోతారో అతని ముఖంలో తెలియలేదు. పెద్దులు వెనకాలే పోయాడు, పోతూ గోపీకృష్ణ భుజం తట్టి వెళ్ళాడు.

గోపీకృష్ణ తలుపు మూశాడు. అరవలేదు. అతను అరిస్తే ఆమెకు తేలికగా ఉండేది. పాతది పది నిమిషాలు మళ్ళీ పెట్టు, మామను ఆపుతానన్నాడు. పెట్టనంది. నేనేమన్న పైసలు తీసుకున్ననా, నలుగురికి సాయం చేసిన, ఒక పిల్ల బతుకు చెడకుండ, ఒక పిలగాని బతుకు చెడకుండ చూసిన అన్నాడు. మనీష బతుకు ఏమైందో చూసినవా అని ఆమె అడిగింది. అప్పుడు అతను ఎప్పటి మాట తీశాడు.

“నిన్ను ఏం అర్సుకోకుంట జేసుకున్న గద. గిదేనా నాకు?”

“ఏప్రిల్ పన్నెండు. పొద్దున పదీ నలభై.”

అతను తిరిగే కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. కింద లారీ నుంచి ఎరువుల బస్తాలు దించుతున్నారు. ఆమె బల్ల మీద నుంచి ఒక కవరు తీసి సంచిలో పెట్టుకుంది. అదేందని అతను అడిగాడు. పేర్లని చెప్పింది. నల్గొండ పోతున్న అంది. అప్పుడు అతని గొంతు మారింది. కంత మూసేసినవ్ కదా, ఇగ అయిపాయె అన్నాడు. చెప్తే ఎవరికి లాభం అన్నాడు. దవాఖాన పోతది, ఆఫీసు పోతది, కేసు పెడితే జైలు, సుమన ముఖం చూడు అన్నాడు. సుమన పేరు వినగానే ఆమె ఒక్క క్షణం ఆగింది. సుమన పుట్టిన తేదీ, బరువు, రక్తం గ్రూపు కూడా ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఉంటాయి. ఆమె చెప్పులు వేసుకుంది. అతను తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఆమె జరగమనలేదు, తోయలేదు, అక్కడే నిలబడింది. కింది దుకాణం గుమాస్తా కరెంటు బిల్లు ఇవ్వడానికి మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టాడు. గోపీకృష్ణ తెరవక తప్పలేదు. ఆమె గుమాస్తా పక్క నుంచి దిగిపోయింది.

బస్సులో కిటికీ దగ్గర సీటు దొరికింది. కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి ఏ ముఖంతో వస్తానా అనుకుంది. అమ్మ ఏమంటుందో అనుకుంది. సంసారం చెడగొట్టుకున్నావు అంటుంది. అనుకుంటూనే ఇంకో సంగతి గమనించింది. ఇంతకుముందు కోపం వస్తే సగంలో ఏదో అడ్డం వచ్చి నిలబడేది. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. భయం ఉంది, కానీ అది వేరే. భయంతో కూడా పని చేయవచ్చు. మామూలు రోజు అయితే ఈ వేళకు అన్నం డబ్బా విప్పేది. ఫోన్ మోగుతోంది, ఒకసారి అతను, ఒకసారి అత్త. తీయలేదు.

డాక్టర్ భాగ్యలక్ష్మి గదిలోకి పోయేసరికి రెండూ ముప్పావు అయింది. ఫోన్‌లో ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న టైపిస్టు మీరేనా అని డాక్టరు అడిగింది. సైటు రాసేది నేనే మేడం అని నిరోష చెప్పి కవరు ఇచ్చింది. రెండు కాగితాలున్నాయి. ఒక దాని మీద పేర్లు, తేదీలు. ఇంకొక దాని మీద ఏం జరిగింది, ఎక్కడి నుంచి జరిగింది, ఎవరు చేశారు, ఇప్పుడు ఏం సరిచేసింది, ఇంకా ఏం చేయాల్సి ఉంది. చాలామంది ఆడవాళ్ళు భర్తల నంబర్లు, తండ్రుల నంబర్లు రాయిస్తున్నారని, ఒట్టి నంబరు కొడితే రిపోర్టు రావడం కూడా మార్చాలని చివర రాసింది. డాక్టరు రెండో కాగితం మూడుసార్లు చదివింది. చదివి కళ్ళద్దాలు తీసింది.

“ఇది బయటికొస్తే రేపటినుంచి నా దగ్గరికి ఎవరూ రారమ్మా. మూసేసిన్నంటున్నవు కదా. మరి ఇప్పుడు అందరికీ చెప్పి ఏం లాభం?”

పొద్దున భర్త అన్న మాటే. నిరోష కుర్చీలో ముందుకు జరిగింది. “వాళ్ళకు సంబంధాలు ఎందుకు తప్పినయో తెల్వది మేడం. తమలోనే ఏదో తక్కువున్నదనుకుంటున్నరు. ఈ రోజు నాలుగింటికి అండ్ల ఒక పిల్లను చూడనీకి వస్తున్నరు. అంతలోపల ఆమెకు తెలవాలె. మీరు చెప్తరా, నన్ను చెప్పుమంటరా?”

డాక్టరు గోడ గడియారం చూసింది. బయట కాంపౌండరు ఎవరి పేరో పిలుస్తున్నాడు. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది. కేసు పెట్టాల్సి వస్తుంది, మీ ఆయన మీద, తెలుసా అంది. తెలుసని నిరోష చెప్పింది. డాక్టరు మొదటి కాగితం ముందుకు లాక్కుంది.

“అరవై మూడు మంది. ఒక్కొక్కరికి ఏమని చెప్పాలె?”

“అరవై రెండు మందికే మేడం. ఒకామెకు మొన్ననే తెలిసింది.”

ఎవరికని అడగబోయి డాక్టరు కాగితం మీదికి వంగింది. వేలు పేర్ల మీదుగా కిందికి పోతూ నాలుగో వరుస దగ్గర ఆగింది. తర్వాత రెండో కాగితం తిప్పి, అడుగున ఉన్న సంతకం చూసింది. రెండు చోట్లా పేరు ఒకటే. “ముందు ఆ నాలుగింటి పిల్లకు చెప్పు,” అంటూ బల్ల మీది ఫోన్‌ను నిరోష వైపు జరిపింది.